పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్విచ్ 2: స్పెక్ షీట్‌లో కనిపించని తేడాలు

గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 విడుదలను రాక్‌స్టార్ సంస్థ 2026 నవంబరు 19కి వాయిదా వేసినప్పటి నుంచి పాత ప్రశ్న ఒకటి మళ్లీ లేచింది: ఇంతకీ ఏ కన్సోల్ తీసుకోవాలి? ఆ ఆటను ప్రకటించింది సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)కి, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లకి మాత్రమే. ఆ ప్రకటనలో పీసీ ఊసు లేదు, నింటెండో ఊసు కూడా లేదు. ఇన్నాళ్లూ పీఎస్4తో నెట్టుకొచ్చినవాళ్లు కూడా ఇప్పుడు ధరలు కనుక్కుంటున్నారు.

షాపులో సాధారణంగా చెప్పే జవాబు ఒక్క అంకె. దీనికి పది టెరాఫ్లాప్స్, దానికి పన్నెండు. ఆ అంకెలో అబద్ధం లేదు. అయితే కొన్న ఆర్నెల్లకు మొదలయ్యే తలనొప్పులు ఆ అంకెలో నుంచి రావు. స్టోరేజీ నిండిపోవడం, డిస్క్ డ్రైవ్ లేని మోడల్ తీసుకున్నామని ఆలస్యంగా తెలియడం, నెలనెలా కట్టే చందా, అమెరికా నుంచి తెప్పించిన పెట్టెకు ఇక్కడ వారంటీ లేకపోవడం. అసలు పోలిక అక్కడ మొదలవుతుంది. అయినా అందరూ అడిగేది ఆ అంకె గురించే కాబట్టి ముందు దాని సంగతి తేల్చేద్దాం.

ఎవరెవరు పోటీలో ఉన్నారు

కన్సోల్ అంటే ఆటల కోసమే కట్టిన కంప్యూటర్. పీసీకీ దీనికీ తేడా ఏమిటంటే, లక్షల మంది ఇళ్లలో అచ్చంగా ఒకే చిప్పు, ఒకే మెమరీ ఉంటాయి. ఆట తయారుచేసేవాళ్లు ఆ ఒక్క హార్డ్‌వేర్‌కు సరిపోయేలా చెక్కుకుంటారు. కంపెనీకి లాభం పెట్టె మీద తక్కువ, ఆటల మీద ఎక్కువ. తన ఆన్‌లైన్ స్టోర్లో అమ్ముడయ్యే ప్రతి ఆటలో సాధారణంగా 30 శాతం వాటా దానికి వెళ్తుంది. ఈ సంగతి గుర్తుంటే డిస్క్ డ్రైవ్ లేని మోడళ్లు ఎందుకు చవకో తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ రెండూ 2020 నవంబరు 10న ఇండియాతో సహా విడుదలయ్యాయి. సోనీ పీఎస్5 అదే వారం అమెరికా, జపాన్లలో వచ్చింది, ఇండియాకు 2021 ఫిబ్రవరి 2న చేరింది. సన్నబడిన పీఎస్5 స్లిమ్ 2023 నవంబరులో వస్తే, మన దగ్గర అమ్మకం 2024 ఏప్రిల్‌లో మొదలైంది. పీఎస్5 ప్రో 2024 నవంబరు 7న, నింటెండో స్విచ్ 2 2025 జూన్ 5న వచ్చాయి. స్విచ్ 2 మిగతావాటికి నేరుగా పోటీ కాదని కొందరు వాదిస్తారు. జేబులో నుంచి పోయే డబ్బుకూ, ఆదివారం మధ్యాహ్నానికీ మాత్రం అది పోటీయే.

టెరాఫ్లాప్స్ లెక్క ఎలా వస్తుంది, ఎక్కడ తప్పుతుంది

ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల దశాంశ లెక్కలు. సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ వాడింది ఏఎండీ గ్రాఫిక్స్ చిప్పులే కాబట్టి సూత్రం ఒకటే: కంప్యూట్ యూనిట్ల (చిప్పులో లెక్కలు చేసే భాగాల) సంఖ్యను 64తో, ఆపై 2తో, ఆపై చిప్పు వేగంతో గుణించడం.

పీఎస్5: 36 × 64 × 2 × 2.23 గిగాహెర్ట్జ్ = సుమారు 10,276 గిగాఫ్లాప్స్, అంటే 10.28 టెరాఫ్లాప్స్.
సిరీస్ ఎక్స్: 52 × 64 × 2 × 1.825 = సుమారు 12,147, అంటే 12.15.
సిరీస్ ఎస్: 20 × 64 × 2 × 1.565 = సుమారు 4,006, అంటే 4.

కాగితం మీద సిరీస్ ఎక్స్‌కు 18 శాతం ఆధిక్యం ఉంది. మరి చాలా ఆటలు రెండింటిలోనూ పక్కపక్కన పెట్టినా తేడా తెలియనంత దగ్గరగా ఎందుకుంటాయి?

ఈ సూత్రం చెప్పేది హోటల్లో దోసె పెనాలు ఎన్ని, అవి ఎంత వేడెక్కుతాయి అన్నది మాత్రమే. పిండి అందించే చెయ్యి వేగం దాంట్లో లేదు. పీఎస్5లో పెనాలు తక్కువ, వేడి ఎక్కువ. చిప్పు 2.23 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది కాబట్టి లెక్కల యూనిట్లతో పాటు త్రిభుజాలను పిక్సెళ్లుగా మార్చే భాగం, చిప్పు లోపలి క్యాష్ (చిన్నపాటి మెమరీ) కూడా అదే నిష్పత్తిలో వేగంగా నడుస్తాయి. సిరీస్ ఎక్స్‌లో యూనిట్లు ఎక్కువే గానీ, వాటన్నిటికీ ఎడతెగకుండా పని దొరకాలి. ఏ ఆటలోనూ అది నూటికి నూరు శాతం కుదరదు.

మెమరీ అమరిక మరో కారణం. పీఎస్5లో 16 జీబీ మొత్తం సెకనుకు 448 జీబీ వేగంతో నడుస్తుంది. సిరీస్ ఎక్స్‌లోనూ 16 జీబీయే, కానీ రెండు ముక్కలు: 10 జీబీ 560 వేగంతో, 6 జీబీ 336 వేగంతో. గ్రాఫిక్స్ డేటా మొత్తాన్ని వేగమైన 10 జీబీలోనే ఉంచగలిగితే సిరీస్ ఎక్స్‌దే పైచేయి. అది పొంగి పొర్లితే ఆ లాభం కరిగిపోతుంది.

వీటన్నిటికీ మించి, ఇప్పటి ఆటలు రిజల్యూషన్‌ను క్షణక్షణానికీ మార్చుకుంటాయి. తెర మీద పేలుళ్లు ఎక్కువైతే పిక్సెళ్లు తగ్గించుకుని, ఖాళీ దొరికితే పెంచుకుంటాయి. కాబట్టి ఆ 18 శాతం ఎక్కడికీ పోదు, కొన్ని పిక్సెళ్లుగా మారి సోఫా నుంచి కంటికి ఆనకుండా పోతుంది.

ఎక్స్‌బాక్స్ పక్షం వాదన కూడా వినాలి. పీఎస్5 చిప్పు వేగం స్థిరం కాదు, విద్యుత్ కోటాను బట్టి మారుతుంది. 2.23 అన్నది గరిష్ఠం, హామీ కాదు. సిరీస్ ఎక్స్ వేగం ఎప్పుడూ ఒకటే. ఈ మాట నిజం. అయితే కోటా దాటినప్పుడు వేగం తగ్గేది కొద్ది శాతమేనని సోనీ మొదటి నుంచీ చెబుతోంది, అయిదేళ్లుగా వచ్చిన ఆటల్లోనూ దీనికి విరుద్ధంగా పెద్దగా ఏమీ బయటపడలేదు.

పీఎస్5 ప్రోలో 60 యూనిట్లు, 16.7 టెరాఫ్లాప్స్. తక్కువ రిజల్యూషన్ బొమ్మను తీర్చిదిద్ది పెద్దది చేసే పీఎస్‌ఎస్‌ఆర్ అనే పద్ధతి కూడా ఉంది. కానీ దాని ప్రాసెసర్ ఏఎండీ వారి పాత జెన్ (Zen) 2 తరానిదే. బొమ్మ గీయడం వల్ల నత్తనడక నడుస్తున్న ఆటకు ప్రో మందు. వందలమంది పాత్రల కదలికల లెక్కతో ప్రాసెసర్ దగ్గర ఇరుక్కున్న ఆటకు ప్రో కూడా పెద్దగా చేయగలిగింది లేదు.

సిరీస్ ఎస్: చవక పెట్టె, తక్కువ మెమరీ

సిరీస్ ఎస్ మీద విమర్శలన్నీ 4 టెరాఫ్లాప్స్ చుట్టూ తిరుగుతాయి. నిజానికి ఆ లోటును రిజల్యూషన్ తగ్గించి సర్దుకోవచ్చు. మెమరీ లోటును అలా సర్దలేం. దానికి ఉన్నది 10 జీబీ, అందులో 8 జీబీ సెకనుకు 224 జీబీ వేగంతో, మిగతా 2 జీబీ 56 వేగంతో నడుస్తాయి. సిస్టమ్ తన వాటా ఉంచుకోగా ఆటకు మిగిలేది సుమారు 8 జీబీ. పిక్సెళ్లు సగానికి తగ్గించినంత మాత్రాన ఆటలోని ఊరి మ్యాపు, పాత్రల ధ్వనులు, శత్రువుల తర్కం సగానికి తగ్గవు.

బాల్డర్స్ గేట్ 3 దీనికి అందరూ చూసిన ఉదాహరణ. 2023 సెప్టెంబరులో అది పీఎస్5లో వచ్చింది. ఎక్స్‌బాక్స్‌లో మాత్రం ఇద్దరు ఒకే టీవీ మీద తెరను పంచుకుని ఆడే పద్ధతి సిరీస్ ఎస్‌లో పట్టలేదు. రెండు ఎక్స్‌బాక్స్‌ల్లోనూ ఒకే సదుపాయాలుండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం కాబట్టి సిరీస్ ఎక్స్ కొన్నవాళ్లు కూడా ఆగాల్సి వచ్చింది. చివరికి నియమం సడలించి, సిరీస్ ఎస్‌లో ఆ సదుపాయం లేకుండానే డిసెంబరులో విడుదల చేశారు. అది సిరీస్ ఎస్‌కు అందింది 2025 ఏప్రిల్ అప్‌డేట్‌తో. తేల్చి చెప్పాలంటే, ఆ పెట్టెలో ఆటలు నడుస్తాయి, కానీ భారీ ఆట నున్నగా నడవడానికి నిర్మాతలు ఎక్కువ చెమటోడ్చాలి.

ఇంట్లో 1080పీ టీవీయే ఉంటే, డిస్కులతో పని లేకపోతే, సిరీస్ ఎస్ ఇప్పటికీ చిన్నగా, చప్పుడు లేకుండా, తక్కువ కరెంటుతో నడిచే పెట్టె. 2020లో ఇండియా ధర 34,990 రూపాయలు, సిరీస్ ఎక్స్‌కు 49,990. ఆ తేడాలో ఆ రోజుల్లో మూడు కొత్త ఆటలు వచ్చేవి.

120 ఎఫ్‌పీఎస్ మాట, ఇంట్లో టీవీ సంగతి

ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య. దాన్ని ఒక్కో బొమ్మకు పట్టే సమయంగా తిప్పి చూస్తే విషయం సులువుగా బోధపడుతుంది. 30 ఎఫ్‌పీఎస్ అంటే బొమ్మకు 33.3 మిల్లీసెకన్లు. 60 అంటే 16.7. మరి 40? 25 మిల్లీసెకన్లు. అంకెలుగా 40 అనేది 30కి దగ్గర, సమయంగా చూస్తే 30కీ 60కీ సరిగ్గా మధ్యన. అందుకే 40 ఎఫ్‌పీఎస్ మోడ్ చేతికి ఊహించినదానికన్నా చురుగ్గా తగులుతుంది. 2021లో ర్యాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్‌కు ఈ మోడ్ చేర్చాక మిగతా స్టూడియోలు కూడా పట్టుకున్నాయి.

చిక్కు టీవీ దగ్గర వస్తుంది. 60 హెర్ట్జ్ టీవీలో, అంటే సెకనుకు 60 సార్లు తెర రిఫ్రెష్ అయ్యేదాంట్లో, 40 బొమ్మలు సమంగా కూర్చోవు, ఒక్కో బొమ్మకు ఒకటిన్నర రిఫ్రెష్ పడుతుంది, కదలిక వణుకుతుంది. 120 హెర్ట్జ్ టీవీలో ఒక్కో బొమ్మకు సరిగ్గా మూడు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 4కే టీవీలు 60 హెర్ట్జ్‌వే. అలాంటి టీవీ ముందు పెడితే 4కే 120 అన్నది పెట్టె మీద అచ్చువేసిన అక్షరాలే.

120 హెర్ట్జ్ టీవీ ఉన్నవాళ్లకూ ఒక మెలిక ఉంది. చాలా మోడళ్లలో 4కే 120కి కావాల్సిన హెచ్‌డీఎంఐ 2.1 పోర్టులు రెండే ఉంటాయి, అందులో ఒకటి సౌండ్‌బార్ పెట్టుకోవాల్సిన ఈఆర్క్ పోర్టు కూడా. సౌండ్‌బార్, రెండు కన్సోళ్లు ఉంటే ఒకదానికి ఆ పోర్టు దక్కదు. బొమ్మ చిరిగినట్టు కనిపించకుండా చేసే వీఆర్ఆర్ సదుపాయం ఎక్స్‌బాక్స్‌లో మొదటి నుంచీ ఉంది, పీఎస్5కి 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆటలకు డాల్బీ విజన్ (రంగులు, వెలుగునీడలు మెరుగ్గా చూపే పద్ధతి) కావాలంటే మాత్రం ఎక్స్‌బాక్సే, పీఎస్5లో అది లేదు. ఏ కన్సోల్ అయినా, టీవీలో గేమ్ మోడ్ వేయకపోతే బటన్ నొక్కాక తెర స్పందించడానికి పట్టే ఆలస్యం కన్సోళ్ల మధ్య తేడాలన్నిటినీ మింగేస్తుంది.

స్టోరేజీ: ముందుగా నిండేది ఇదే

మొదటి పీఎస్5 మీద 825 జీబీ అని రాసినా వాడకానికి మిగిలేది సుమారు 667. సిరీస్ ఎక్స్‌లో 1 టీబీకి 802. సిరీస్ ఎస్ తొలి మోడల్లో 512కి 364. పెద్ద ఆట ఒకటి 150 జీబీ అనుకుందాం. సిరీస్ ఎస్‌లో రెండు పడతాయి, మూడోదానికి చోటు చాలదు. పీఎస్5లో నాలుగు, సిరీస్ ఎక్స్‌లో అయిదు.

చాలామంది డిస్కు ఉంటే చోటు మిగులుతుందనుకుంటారు. మిగలదు. పీఎస్5లోనూ, సిరీస్ ఎక్స్‌లోనూ డిస్కులోని ఆట మొత్తం లోపలి ఎస్‌ఎస్‌డీలోకి (కన్సోల్ స్టోరేజీలోకి) ఎక్కుతుంది. ఆ తర్వాత ఆట మీ దగ్గర ఉందని చూపే తాళంచెవిగానే డిస్కు పనికొస్తుంది. ఆడేటప్పుడు లోపల ఉండాల్సిందే. డిస్కు వల్ల మిగిలేది డౌన్‌లోడ్ సమయం, అది కూడా పాక్షికంగానే, విడుదల నాటి ప్యాచ్ ఎలాగూ దిగాలి. 100 జీబీ ఆట 50 ఎంబీపీఎస్ కనెక్షన్లో పూర్తి వేగంతో దిగినా 16,000 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు.

చోటు పెంచుకునే దారి మూడు కంపెనీలకు మూడు రకాలు. అసలైన ఖర్చు తేడా ఇక్కడే బయటపడుతుంది.

పీఎస్5లో మామూలు కంప్యూటర్ షాపుల్లో దొరికే ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చు. అది పీసీఐఈ జెన్ 4 (నాలుగో తరం) రకం అయి ఉండాలి, చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలన్నది సోనీ సూచన, వేడిని లాగేసే లోహపు పలక (హీట్‌సింక్) తప్పనిసరి, హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎక్కువగా దెబ్బతినేది ఈ చివరి కొలత దగ్గరే. డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల కోసం చేసిన లావు హీట్‌సింక్ పెడితే స్లాటు మూత పడదు. జెన్ 3 రకం చవకది పెడితే కన్సోల్ తీసుకోనే తీసుకోదు. 8 టీబీ వరకు పనిచేస్తుంది.

ఎక్స్‌బాక్స్‌లో స్క్రూడ్రైవర్ అవసరం లేదు. వెనక స్లాటులో మెమరీ కార్డులా గుచ్చే ఎక్స్‌పాన్షన్ కార్డు ఉంటుంది. పిల్లలైనా పెట్టగలరు. అది సీగేట్, వెస్టర్న్ డిజిటల్ సంస్థలు ఆ స్లాటుకే ప్రత్యేకంగా చేసేది కాబట్టి, అంతే సామర్థ్యం ఉన్న మామూలు ఎస్‌ఎస్‌డీ కన్నా ధర ఎక్కువ. మామూలు యూఎస్‌బీ డ్రైవులో సిరీస్ తరం ఆటలను దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేం. పాత ఎక్స్‌బాక్స్ వన్ ఆటలైతే ఆడొచ్చు. పీఎస్5కీ ఇదే తీరు: యూఎస్‌బీ నుంచి పీఎస్4 ఆటలు నడుస్తాయి, పీఎస్5 ఆటలు నడవవు.

స్విచ్ 2లో లోపల 256 జీబీ. ఫోన్లో వాడి పక్కన పడేసిన మైక్రోఎస్‌డీ కార్డు ఉంది కదా అనుకుంటే కుదరదు. ఆటలకు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పాతదీ స్లాటులో చక్కగా దూరుతుంది. కానీ దాని నుంచి స్క్రీన్‌షాట్లు, వీడియోలు దించుకోవడమే తప్ప ఆట ఎక్కదు.

డిస్క్ మోడలా, డిజిటలా: ఒక లెక్క

2024లో పీఎస్5 స్లిమ్ ఇక్కడికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 54,990, డిజిటల్ 44,990. తేడా పది వేలు. కొత్త ఆట 5,000 అనుకుందాం, ఆడేశాక డిస్కును 3,000కు అమ్మేయగలిగితే ఒక్కో ఆటకు చేతికి తిరిగొచ్చేది ఆ 3,000. నాలుగో డిస్కు అమ్మేసరికి డ్రైవ్ ఖర్చు తిరిగి వచ్చేసినట్టే. ఏడాదికి నాలుగు ఆటలు కొనేవాళ్లకు డిస్క్ మోడల్ మొదటి సంవత్సరంలోనే గిట్టుబాటు. స్నేహితులు నలుగురు డిస్కులు మార్చుకునే అలవాటుంటే ఇంకా ముందే.

డిజిటల్ వైపు వాదన బలహీనమైనదేమీ కాదు. విడుదల రోజే ఆడాలన్న తొందర లేనివాళ్లకు, స్టోర్ సేల్‌లో సగం ధరకు దిగేదాకా ఆగేవాళ్లకు, పై లెక్క తారుమారవుతుంది. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆట, ఏడాదికొక క్రికెట్ లేదా ఫుట్‌బాల్ ఆట తప్ప ఇంకేమీ కొననివాళ్లకు డ్రైవ్ అక్కర్లేదు. పైగా స్లిమ్, ప్రో మోడళ్లకు డ్రైవ్‌ను విడిగా కొని తర్వాత తగిలించుకోవచ్చు. మొదటిసారి జత చేసేటప్పుడు ఇంటర్నెట్ ఉండాలి, అంతే. సిరీస్ ఎస్‌కు ఆ అవకాశం ఎప్పటికీ లేదు.

పాత డిస్కులు అటకమీద ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. పీఎస్5 డిస్క్ మోడల్ పీఎస్4 డిస్కులను చదువుతుంది, అంతకుముందు తరాల డిస్కులను చదవదు. సిరీస్ ఎక్స్ ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులతో పాటు 360, మొదటి ఎక్స్‌బాక్స్ ఆటల్లో కూడా ఆమోదిత జాబితాలో ఉన్నవాటిని నడిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మైక్రోసాఫ్ట్‌కు సాటి లేదు.

చందాలు: చవక అనిపించి మోసే భారం

రెండు రకాల చందాలను కలిపేసి మాట్లాడటం వల్ల గందరగోళం వస్తోంది. మొదటిది ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడటానికి కట్టే గేటు రుసుము. రెండోది లైబ్రరీ చందా, కట్టినంత కాలం వందల ఆటలు అందుబాటులో ఉంటాయి, మానేస్తే పోతాయి. ఉచిత ఆటలకు గేటు రుసుము పీఎస్‌లో లేదు, ఎక్స్‌బాక్స్‌లోనూ 2021 ఏప్రిల్ నుంచి లేదు. కాబట్టి పిల్లాడు ఫోర్ట్‌నైట్ మాత్రమే ఆడతానంటే చందా మాట ఎత్తక్కర్లేదు.

ఎక్స్‌బాక్స్ లైబ్రరీ చందా అయిన గేమ్ పాస్ పేరు మీదే ఆ కన్సోల్ చాలాకాలం అమ్ముడైంది. 2025 అక్టోబరులో లెక్క మారింది. ఇండియాలో దాని పై శ్రేణి అల్టిమేట్ చందా నెలకు 829 నుంచి 1,389 రూపాయలకు పెరిగింది. ఆ ధరకు ఏడాదికి 16,668. ఒక్కోటి ఐదు వేల రూపాయల ఆటలు మూడింటికి పైగా వచ్చే సొమ్ము. నెలకో కొత్త ఆట రుచి చూసి వదిలేసేవాళ్లకు ఇది ఇప్పటికీ లాభమే. ఒక్క ఆటను ఆర్నెల్లు పట్టి ఆడేవాళ్లకు శుద్ధ నష్టం. మధ్యేమార్గం కూడా ఉంది: ఇష్టమైన ఆటలు రెండు మూడు పోగయ్యాక ఒక నెల కట్టి, ఆడేసి, ఆటో రెన్యువల్ ఆపేయడం. ఆ ఆపడం మర్చిపోవడం మీదే ఈ వ్యాపారంలో సగం నడుస్తుందేమో.

సోనీ పీఎస్ ప్లస్‌లో సొంత పెద్ద ఆటలు మొదటి రోజే రావు, ఏడాదో రెండేళ్లో గడిచాక వస్తాయి. మన దగ్గర పై శ్రేణి పేరు డీలక్స్. అమెరికాలోని ప్రీమియంలో ఉండే క్లౌడ్ స్ట్రీమింగ్ ఇందులో లేదు. అమెరికా యూట్యూబర్ చెప్పిన సదుపాయాల జాబితాతో ఇక్కడ చందా కట్టినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

సొంత ఆటల గోడలు కూలుతున్నాయా

ఒకప్పుడు ఎక్స్‌క్లూజివ్‌లు, అంటే ఒక్క కన్సోల్‌లోనే దొరికే ఆటలు, చూసి కన్సోల్ ఎంచుకునేవారు. ఆ గోడ ఎక్స్‌బాక్స్ వైపు దాదాపు పడిపోయింది. 2024లో సీ ఆఫ్ థీవ్స్ సహా నాలుగు ఆటలతో మొదలై, 2025 ఏప్రిల్లో ఫోర్జా హొరైజన్ 5, ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్: రీలోడెడ్ పీఎస్5లోకి వచ్చేశాయి. హేలో కూడా వస్తుందని 2025 అక్టోబరులో ప్రకటించారు. అటు నుంచి ఇటు వచ్చింది మాత్రం చాలా తక్కువ. సోనీ ప్రచురించిన హెల్‌డైవర్స్ 2 ఎక్స్‌బాక్స్‌కు రావడం అరుదైన మినహాయింపు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఎక్స్‌బాక్స్ కొనడానికి కారణమే పోయిందన్నది ఒక వాదం, పీఎస్5లో రెండు వైపుల ఆటలూ దొరుకుతున్నప్పుడు ఒకవైపువి మాత్రమే దొరికే పెట్టె ఎందుకు? రెండో వాదం ప్రకారం ఎక్స్‌బాక్స్ ఇప్పుడు పెట్టె కాదు, ఒక ఖాతా. చాలా ఆటలు ఒకసారి కొంటే కన్సోల్లోనూ పీసీలోనూ ఆడొచ్చు, సేవ్ ఫైలు వెంట వస్తుంది. ఇంట్లో గేమింగ్ పీసీ ఉన్నవాళ్లకు ఈ రెండో మాట బరువైనదే. పీసీ లేనివాళ్లకు మొదటి మాటే చెల్లుతుంది. పీఎస్5 అమ్మకాలు ప్రపంచవ్యాప్తంగా 8 కోట్లు దాటాయి. మైక్రోసాఫ్ట్ అయితే 2015 నుంచే యూనిట్ల లెక్క చెప్పడం మానేసింది.

నింటెండో గోడ చెక్కుచెదరలేదు. మారియో, జెల్డా, పోకెమాన్ ప్రధాన ఆటలు వేరే కన్సోల్లో రావు, సేల్‌లో ధర కూడా పెద్దగా తగ్గదు.

స్విచ్ 2ను ఏ తూకంతో తూచాలి

7.9 అంగుళాల 1080పీ తెర, 120 హెర్ట్జ్, 12 జీబీ మెమరీ, డాక్‌లో (టీవీకి కలిపే స్టాండులో) పెడితే టీవీ మీద 4కే 60 వరకు. శక్తిలో ఇది పీఎస్5కి దూరమే. ఎన్విడియా చిప్పు కాబట్టి డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది, అంటే చిన్న బొమ్మను తెలివిగా పెద్దది చేసే పద్ధతి. అందువల్లే సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆట విడుదల రోజే ఇందులో వచ్చింది. వీఆర్ఆర్ చేతిలో పట్టుకున్నప్పుడే పనిచేస్తుంది, టీవీకి పెడితే లేదు. బ్యాటరీ 5,220 ఎంఏహెచ్, నింటెండో చెప్పే లెక్క ఆటను బట్టి 2 నుంచి 6.5 గంటలు. భారీ ఆటకు ఆ రెండు గంటలనే నమ్ముకోవడం మేలు. విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో పవర్ బ్యాంకు లేకుండా ప్రయాణం పూర్తికాదు.

దీని కార్ట్రిడ్జ్‌ల్లో (డిస్కుకు బదులు ఆట ఉండే చిన్న కార్డుల్లో) కొత్త రకం ఒకటొచ్చింది, గేమ్-కీ కార్డు. లోపల ఆట ఉండదు. పెట్టగానే ఆట మొత్తం డౌన్‌లోడ్ అవుతుంది, ఆపై ఆడేటప్పుడల్లా కార్డు లోపలే ఉండాలి. తిరిగి అమ్ముకోవచ్చన్న సుఖం మిగిలింది, డౌన్‌లోడ్ లేకుండా పెట్టగానే ఆడొచ్చన్న సుఖం పోయింది. బాక్సు ముందు భాగంలోనే ఆ గుర్తు ఉంటుంది.

మన దగ్గర వచ్చే చిక్కులు

పీఎస్5 ప్రో విడుదలైనప్పుడు ఇండియాను జాబితా నుంచి తప్పించారు. కారణం అందులోని వైఫై 7. అది వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. స్విచ్‌ను నింటెండో ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు. షాపుల్లో ఉన్నవి దిగుమతి సరుకే, వాటికి షాపు యజమాని మాటే వారంటీ. నింటెండో ఆన్‌లైన్ దుకాణమైన ఈషాప్‌కు ఇండియా స్టోర్ కూడా లేదు. వేరే దేశం ఖాతా పెట్టుకోవాలి, మన కార్డులు చాలాసార్లు చెల్లవు, గిఫ్ట్ కార్డులే దారి.

డాలస్‌లో ఉన్న బావగారో, న్యూజెర్సీలో ఉన్న అక్కో వచ్చేటప్పుడు తెస్తామంటే ధర కలిసిరావచ్చు. అలాంటప్పుడు మూడు విషయాలు ముందే చూసుకోవాలి. వెనక స్టిక్కరు మీద 100-240 వోల్టులు అని ఉందా, లేక అమెరికా వోల్టేజీ మాత్రమే రాసి ఉందా. వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం. మూడోది డిస్కుల సంగతి. పీఎస్5 ఏ దేశం డిస్కునైనా ఆడిస్తుంది, కానీ ఆ ఆటకు అదనపు అధ్యాయాలు (డీఎల్‌సీ) కొనాలంటే డిస్కు ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు స్టోర్లోనే కొనాలి. అమెరికా డిస్కుకు ఇండియా ఖాతాలో కొన్న డీఎల్‌సీ కలవదు. ప్లేస్టేషన్ ఖాతా దేశాన్ని ఒకసారి ఎంచుకున్నాక మార్చడానికి వీల్లేదు, నింటెండో ఖాతాలోనైతే మార్చుకోవచ్చు.

ఇక కరెంటు. పీఎస్5 భారీ ఆటలో 200 వాట్ల దరిదాపుల్లో లాగుతుంది. రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు 12 యూనిట్లు, బిల్లులో అది పెద్ద లెక్క కాదు. అసలు ప్రమాదం ఆట సేవ్ అవుతుండగానో, అప్‌డేట్ ఎక్కుతుండగానో కరెంటు పోవడం. ఇంటి ఇన్వర్టర్ ఉన్నా ఒక్కోసారి కన్సోల్ రీస్టార్ట్ అవుతుంది, ఎందుకంటే మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి పట్టే మిల్లీసెకన్లు దాని పవర్ సప్లై ఓర్చుకునేదానికన్నా ఎక్కువ. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్చు ఉంటుంది, అది వేస్తే మార్పు త్వరగా జరుగుతుంది. రీస్టార్ట్ అయ్యాక పీఎస్5 ఆటలు కనబడకపోతే సేఫ్ మోడ్‌లో డేటాబేస్ రీబిల్డ్ చేస్తే చాలావరకు తిరిగొస్తాయి.

దుమ్ము మరొకటి. తలుపులున్న టీవీ యూనిట్లో పెడితే వేడిగాలి తిరిగి లోపలికే వెళ్తుంది, ఫ్యాను అరుస్తుంది. తొలి మోడల్ పీఎస్5లో పక్క ప్లేట్లు తీస్తే రెండు దుమ్ము రంధ్రాలు కనిపిస్తాయి, వ్యాక్యూమ్‌తో లాగేస్తే చాలు. చిప్పు దాకా విప్పడం మాత్రం వీధి చివరి మొబైల్ రిపేరు పని కాదు, అక్కడ వేడిని లాగే పేస్టుకు బదులు విద్యుత్తు పారే ద్రవ లోహం ఉంటుంది. ఒక్క చుక్క బోర్డు మీద పడితే షార్ట్.

కంట్రోలర్లు, సెకండ్ హ్యాండ్ సరుకు

పీఎస్5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్‌లో ట్రిగ్గర్లు ఆటను బట్టి బిగుసుకుంటాయి, విల్లు లాగితే వేలికి బరువు తెలుస్తుంది. దానికి మూల్యం బ్యాటరీ. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లో ఆ హంగు లేదు, ఏఏ సెల్స్ వేసుకోవాలి. పాతకాలపు పద్ధతిలా అనిపించినా, రీచార్జబుల్ సెల్స్ రెండు జతలుంటే పదేళ్ల తర్వాత కూడా పనిచేసేది అదే. స్టిక్ ముట్టుకోకుండానే పాత్ర నడిచిపోయే డ్రిఫ్ట్ జబ్బుకు సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ అతీతం కావు, మూడింటి మామూలు కంట్రోలర్లలోనూ రాపిడికి అరిగే భాగాలే ఉన్నాయి.

సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు ఏదైనా ఆట తెరిచి రెండు స్టిక్‌లు వదిలేసి చూస్తే డ్రిఫ్ట్ అక్కడే తెలిసిపోతుంది. డిస్క్ డ్రైవ్‌లో ఒక డిస్కు వేసి ఆట తెరవాలి, కేవలం లోపలికి లాక్కుంటే సరిపోదు. స్విచ్ 2 అయితే ఈషాప్ తెరుచుకుంటుందో లేదో చూడాలి. పైరసీ కార్ట్రిడ్జ్ వాడిన పెట్టెలను నింటెండో ఆన్‌లైన్ నుంచి శాశ్వతంగా నిషేధిస్తోంది. ఆ నిషేధం పెట్టెకే పడుతుంది కాబట్టి కొత్త ఖాతా పెట్టినా పోదు.